బా ఒక్కపొద్దు విడిచిన సాయంత్రం

మొన్న ఆదివారం చర్చిలో పూజ అయ్యాక, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన నర్సు అమ్మాయిలు ఎప్పటిలాగే నా చుట్టూ చేరారు. ఒకరికి రోస్టర్ బాధ, ఒకరికి మేనేజర్ బాధ. వాళ్ళలో చిన్నది, "ఆంటీ, మా ఓల్డేజ్ హోములో రెసిడెంట్ ఒకాయన అస్సలు తినట్లేదు. ఫుడ్ రిఫ్యూజ్డ్ అని రాసేసి, తర్వాతి షిఫ్టుకి హ్యాండోవర్ ఇచ్చి వచ్చేశా" అంది.

"ఎందుకు తినట్లేదో అడిగావా?"

"ఆయనకి ఇంగ్లీష్ రాదాంటీ."

ఆ పిల్ల తప్పేమీ లేదు, మాకు నేర్పిందీ అదే. కానీ ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే నాకు ముద్ద దిగలేదు. మా ఆయన, "ఏమైందే?" అన్నాడు. బా గుర్తొచ్చిందన్నాను. ఆయనకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఆ రోజు కారు నడిపింది ఆయనే. చర్చి మెట్ల మీద నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగే సంగతి కాదు కాబట్టి, ఆ అమ్మాయి కోసం ఇక్కడ రాస్తున్నాను. మిగతావాళ్ళు చదివితే సంతోషమే.

ఎనభైల చివరి మాట. ఇప్పుడు క్రాన్‌బర్న్‌లో ఏ వీధిలో తలుపు తట్టినా పులిహోర పెట్టే ఇల్లు దొరుకుతుంది గానీ, ఆ రోజుల్లో అది మెల్‌బోర్న్ చివర ఒక చిన్న ఊరు. పందెపు గుర్రాలు, కూరగాయల తోటలు, గాలి. ఇండియన్ మొహం కనపడితే రోడ్డు దాటి వెళ్ళి పలకరించేవాళ్ళం. గుంటూరులో స్టాఫ్ నర్సుగా చేసి, జూనియర్లను గడగడలాడించి వచ్చినదాన్ని. ఇక్కడి నర్సింగ్ బోర్డువాళ్ళు నా సర్టిఫికెట్లు అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ పరీక్షలు రాయమన్నారు. అందాకా ఒక నర్సింగ్ హోములో, అంటే ఇక్కడ ముసలివాళ్ళుండే చోట, అసిస్టెంటుని. ముసలివాళ్ళకి స్నానాలు చేయించడం, బట్టలు మార్చడం, తినిపించడం. ఇంజక్షన్ ట్రే పట్టుకునే అర్హత లేదు, తిండి ట్రే పట్టుకోవచ్చు. అదీ మన స్థాయి.

బా అక్కడికి తుంటి విరిగి వచ్చింది. వియత్నాం ఆవిడ. బా అంటే వాళ్ళ భాషలో అవ్వ. అసలు పేరు ఎవరి నోరూ తిరగక అందరూ అదే ఖాయం చేశారు. మనిషి పిడికెడు ఉండేది. తెల్లజుట్టు నున్నగా దువ్వి ముడేసుకుని, మెడలో జపమాల వేసుకుని కిటికీ దగ్గర కూర్చునేది. ఆ జపమాల చూసే నేను మొదట దగ్గరికి చేరాను. నేను ఫిరంగిపురం దగ్గరి మనిషిని. పుట్టుకతో కాథలిక్కుని. ఆవిడ తన భాషలో మంగళవార్త జపం చెబుతుంటే నేను దుప్పట్లు మారుస్తూ తెలుగులో అందుకునేదాన్ని. ఆ జపం ఏ భాషలో చెప్పినా ఇంచుమించు ఒకే పొడుగు ఉంటుంది. ఇద్దరం ఒకేసారి ముగించేవాళ్ళం, ఆవిడ పూస జరిపేది. ఆవిడ నవ్వేది. మా మధ్య ఉన్న భాష అంతే.

బాతో చిక్కు ఏమిటంటే, పగలు తినేది కాదు. పొద్దున్న పారిడ్జ్ అలాగే వెనక్కి వచ్చేది. మధ్యాహ్నం రోస్టూ బంగాళదుంపలూ అలాగే వెనక్కి వచ్చేవి. సాయంత్రం పెట్టే భోజనాన్ని ఇక్కడివాళ్ళు టీ అంటారు, అది మాత్రం తినేది. అదీ సగమే. మిగతా సగంలో బ్రెడ్డో బిస్కెట్టో చేతులు తుడుచుకోవడానికిచ్చే కాగితంలో పొట్లం కట్టి, చుట్టుపక్కల చూసి, తన చేతిసంచిలో పెట్టుకునేది. మర్నాడు ఆ పాత పొట్లం తీసి పిట్టలకి వేసి, సాయంత్రం కొత్తది కట్టేది. నేను చూసీ చూడనట్టు పక్కకి తిరిగేదాన్ని.

మనిషి కరిగిపోతోంది. డాక్టరు మతిమరుపు అన్నాడు. ఇంకో డాక్టరు దిగులు అన్నాడు, మాత్రలు రాశాడు. ఆహారం సంగతి చూసే ఆవిడ వచ్చి అన్నీ మెత్తగా రుబ్బి పెట్టమంది. ఆకుపచ్చ ముద్ద, నారింజరంగు ముద్ద, గోధుమరంగు ముద్ద. నాకే ఆకలి చచ్చిపోయేది చూస్తే. మా మేట్రన్ మంచి మనిషి. పొగ తాగీ తాగీ గొంతు బొంగురుపోయింది గానీ మనసు మెత్తన, అందర్నీ లవ్ అనే పిలిచేది. ఒకరోజు నన్ను పిలిచి, "చూడు లవ్, ఇలాగే ఉంటే నెలాఖరుకి హాస్పిటల్‌కి పంపాల్సిందే. ముక్కులోంచి ట్యూబ్ వేస్తారు. పీకేస్తుంది కాబట్టి చేతులు కట్టేస్తారు. నాకు మాత్రం ఇష్టమా?" అంది.

జపమాల తిప్పే ఆ చేతులు మంచానికి కట్టి ఉండడం నా కళ్ళముందు కనపడింది. ఆ క్షణం దాకా నాకు ఎందుకు తట్టలేదో గానీ, అప్పుడు తట్టింది. పగలు ముట్టకుండా పొద్దుగూకాక మాత్రమే తినేదాన్ని మా ఇంట్లో ఏమనేవాళ్ళం? ఒక్కపొద్దు అనేవాళ్ళం.

మా పెద్దన్నయ్య మిలిటరీలో ఉన్నప్పుడు చాలాకాలం కబురు లేకుండా పోయాడు. మా అమ్మ గుణదల మాతకి మొక్కుకుని ఒక్కపొద్దు పట్టింది. మా నాన్న తిట్టాడు, మా నాయనమ్మ బతిమాలింది, ఫాదర్‌గారు కూడా వచ్చి చెప్పి చూశారు. పొద్దుగూకేదాకా గుక్కెడు మజ్జిగ తప్ప ముట్టలేదు. అన్నయ్య తిరిగొచ్చాక అందరం గుణదల కొండెక్కాం. అన్నయ్య గుండు చేయించుకున్నాడు, అమ్మ కొబ్బరికాయ కొట్టింది. ఆ కొండ మీదే, మిట్టమధ్యాహ్నం, జనం మధ్యలో కూర్చుని పులుసన్నం తింది. ఆ తిన్న తీరు నేనెప్పటికీ మర్చిపోను. మొక్కున్న మనిషికి మందులిస్తే ఏం లాభం? మొక్కు తీరే దారి చూడాలి.

మా లాండ్రీలో ఒక వియత్నాం అమ్మాయి పనిచేసేది. ఇంగ్లీష్ అంతంతమాత్రం గానీ చాలా చురుకు. ఆ అమ్మాయిది బుద్ధుడి మతం. అందుకని బా జోలికి పోయేది కాదు. "అవ్వకి వేరే ఊరి యాస సిస్టర్, సగమే అర్థమవుతుంది" అనేది. బతిమాలి తీసుకెళ్ళాను. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. బయటికొచ్చాక ఆ అమ్మాయి మొహం వేరుగా ఉంది.

"కొడుకు కోసం సిస్టర్. ఒక్కడే కొడుకు. సముద్రం మీద వచ్చారు. అవ్వ ఒక పడవ, కొడుకు వెనక ఇంకో పడవ. అవ్వ చేరింది. కొడుకు సంగతి తెలీదు. కొడుకు వచ్చేదాకా పగలు తిననని వాళ్ళ దేవుడి మనుషులకి మాట ఇచ్చింది."

"దేవుడి మనుషులు అంటే?"

"పాతకాలంలో మా దేశంలో రాజులు చంపారు కదా. శిలువ కింద పడేసి తొక్కమంటే తొక్కనన్నవాళ్ళు."

వేదసాక్షులు. వాళ్ళని ఆ మధ్యనే రోములో పునీతులుగా ప్రకటించారు, మా గుడిలో కూడా చెప్పారు. వాళ్ళ పండుగ నవంబరులో. మెల్‌బోర్న్ చుట్టుపక్కల వియత్నాం కాథలిక్కులందరూ ఊరి బయట ఒక మైదానంలో చేస్తారట. దూరపు ఊళ్ళ నుంచి కూడా బస్సులు కట్టుకుని వస్తారట.

"పొట్లం కూడా కొడుక్కే" అంది ఆ అమ్మాయి. "వస్తే ఆకలితో వస్తాడు కదా అంటోంది. పండక్కి తీసుకెళ్ళమంటోంది సిస్టర్. బతికుంటే వాడు అక్కడికి రాకుండా ఉండడు అంటోంది."

మేట్రన్‌కి చెబితే వింతగా విన్నది. కానీ కుటుంబం సంతకం కావాలంది. బాకి ఇక్కడ ఉన్నది ఒక్క మేనకోడలు. సిడ్నీలో ఏదో ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. ఫోన్ చేస్తే, వద్దంది. "ఎండ, గుంపు, ఆవిడ తట్టుకోలేదు" అంది. రెండోసారి చేసినా వద్దంది. నాకు ఒళ్ళు మండింది. నెలకోసారి కూడా వచ్చి చూడదు, మేము తీసుకెళ్తామంటే ఈవిడకేం పోయింది? మూడోసారి నేనే అడిగి ఫోన్ తీసుకున్నాను.

"అమ్మా, నేనూ కాథలిక్కునే. నా సొంత అమ్మలా చూసుకుంటాను. తీసుకెళ్ళకపోతే ట్యూబ్ వేస్తారు, చేతులు కట్టేస్తారు. నీకది సమ్మతమేనా?"

మెల్లగా అంది, "సరే. తీసుకెళ్ళండి. కానీ ఆవిడ్ని అక్కడ ఎవరితోనూ మాట్లాడనివ్వకండి. ప్లీజ్ సిస్టర్. దూరంగా కూర్చోబెట్టి తీసుకొచ్చేయండి."

నాకు వెంటనే అర్థమైపోయింది. అంటే, అర్థమైపోయిందనుకున్నాను. పరువు. మేనత్తని హోములో పడేసిందని తనవాళ్ళందరికీ తెలిస్తే తలవంపులు. మన గుంటూరు జిల్లాలో పుట్టినదానికి ఆ మాట వినగానే ఇంకో ఆలోచన వస్తుందా? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని దాచుకునే ఇళ్ళలోనే కదా పెరిగాం. పాపం, పోనీలే, ఆ పిల్ల పరువు కాపాడదామనుకుని మాట ఇచ్చాను.

పండుగ ఆదివారం. నాకు సెలవు రోజే. మా ఆయన ముందు గొణిగాడు. "నీకెందుకే ఈ తంటా? పరీక్షలు పెట్టుకుని ఊళ్ళో వాళ్ళ మొక్కులన్నీ నీకే కావాలా?" అంటూనే కారు కడిగి పెట్టాడు. ముందురోజు నేను వియత్నాం కొట్లో ఒక కొబ్బరికాయ కొన్నాను. ఆయన దాన్ని చూసి, "అక్కడ ఎక్కడ కొడతావే ఇది?" అన్నాడు. ముందు కొడుకు కనపడనీ, రాయి నేను వెతుక్కుంటానన్నాను. అంత ధీమా నాది. ఎందుకో నాకు అనుమానమే రాలేదు. మా అమ్మ మొక్కు తీరింది కాబట్టి అందరి మొక్కులూ తీరతాయనుకున్నాను.

బాకి లాండ్రీ అమ్మాయి ఎక్కడి నుంచో నీలంరంగు పొడుగు గౌను తెచ్చి తొడిగింది, వాళ్ళ పండుగ బట్ట. బా చేతిసంచి ఉబ్బి ఉంది. ఆ వారమంతా పొట్లాలు పిట్టలకి వెయ్యలేదని నాకు తెలుసు. నేను గుణదలకి కట్టుకునే జరీ చీర కట్టాను. మా ఆయన, బా, నేను, లాండ్రీ అమ్మాయి బయల్దేరాం. ఆ అమ్మాయి దారిలో, "నా దేవుడికి కోపం రాదులే, సాయం చెయ్యడానికేగా" అని తనకి తనే చెప్పుకుంది.

ఆ మైదానం చూసి కారు తలుపు మూయడం కూడా మర్చిపోయాను. అది గుణదల తిరునాళ్ళే. అదే దుమ్ము, అవే డప్పులు, తప్పిపోయిన పిల్లల కోసం మైకులో పిలుపులు, ఎండలో గొడుగులు. భాష ఒక్కటే వేరు. పసుపు జెండాలు గాలికి కొట్టుకుంటున్నాయి. పీఠం దగ్గరికి వెళ్తూ నేను అలవాటుగా చెప్పులు విప్పేశాను. చుట్టూ అందరూ బూట్లతోనే ఉన్నారు. ఒక ముసలాయన నా కాళ్ళు చూసి, తనూ బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు. దేశం వదిలొచ్చాక నేను మొదటిసారి ఏడ్చింది అక్కడే.

బాని ఊరేగింపు దారి పక్కన చెట్టునీడలో పెట్టాం. వీల్‌చైర్ పక్కన నేను కాపలా. ఎవరైనా పెద్దవాళ్ళు నవ్వుతూ పలకరించడానికి వస్తుంటే, చక్రాలు కాస్త పక్కకి తిప్పేదాన్ని. ఇచ్చిన మాట కదా. వేదసాక్షుల అవశేషాలున్న ఎర్రటి పల్లకీ వచ్చింది. అందరూ మోకరించారు. బా పల్లకీ వైపు చూడలేదు. దాన్ని మోసే మగవాళ్ళ మొహాలు చూసింది. వాళ్ళ వెనక నడిచేవాళ్ళవి చూసింది. అన్ని వందలమందిలో ఒక్క మొహం కూడా వదల్లేదు. వేళ్ళు మాత్రం సంచి మీదున్నాయి.

ఊరేగింపు అయిపోయి జనం చెదురుతున్నారు. మా ఆయన నీళ్ళకోసం వెళ్ళాడు. అడిలైడ్ నుంచి వచ్చిన బస్సువాళ్ళు అటుగా నడుస్తున్నారు. అందులోంచి ఒక మనిషి, నలభై దాటిన వయసు, ఆగిపోయి బానే చూశాడు. తర్వాత పరుగెత్తాడు. నేను చక్రం తిప్పేలోపే వచ్చి గడ్డిలో మోకాళ్ళ మీద కూలబడి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏడుస్తున్నాడు.

వచ్చేశాడనుకున్నాను. "తల్లీ, గుణదల మాతా" అన్నాను పైకే. కారులో కొబ్బరికాయ ఉందని గుర్తొచ్చింది. రాయి కోసం చుట్టూ చూశాను కూడా.

అప్పుడు బా మొహం చూశాను. అది కొడుకుని చూసిన మొహం కాదు. తెలిసిన మనిషిని చూసిన మొహం, అంతే. నవ్వుతోంది, తల నిమురుతోంది. అతను ఆగకుండా ఏదో చెబుతున్నాడు. పక్కన లాండ్రీ అమ్మాయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

బా చెయ్యి అతని తల మీద ఆగిపోయింది. ఏదో అడిగింది. చిన్న ప్రశ్న. అతను చెప్పడం ఆపేశాడు. తలెత్తి ఆవిడ్ని చూశాడు, తర్వాత మమ్మల్ని చూశాడు. లాండ్రీ అమ్మాయి కళ్ళు దించేసుకుంది. బా మళ్ళీ అడిగింది, అదే ప్రశ్న, అదే గొంతు. అతను చాలా చిన్నగా ఒక మాట చెప్పాడు.

"ఏమైంది? ఏమన్నాడు?" అని ఆ అమ్మాయి భుజం పట్టుకుని ఊపాను.

"వాళ్ళ ఊరి మనిషి. కొడుకున్న పడవలోనే వచ్చాడట. నేను ఏటా ఈ పండక్కి మీవాడి పేరున పూజ పెట్టిస్తున్నానమ్మా, ఒక్కసారి కూడా మానలేదు అన్నాడు. అవ్వకి తెలుసనుకున్నాడు సిస్టర్. మేనకోడలికి ఎప్పుడో చెప్పాడట."

"మరి బా ఏమడిగింది?"

"బతికున్నవాళ్ళకి పెట్టే పూజా, పోయినవాళ్ళకి పెట్టే పూజా, అని."

ఆ ప్రశ్న ఏమిటో ఆ బుద్ధుడి పిల్లకి తెలీదు. చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పింది. నాకు తెలుసు. మా గుడిలో పూజ పెట్టించాలని వెళ్తే ముందు అడిగేది అదే. కొడుకు ఎలా పోయాడని అడగలేదు. ఎక్కడ, ఎప్పుడు అని అడగలేదు. ఏ కాథలిక్కు తల్లయినా ఆ ఒక్క మాటతో తెలుసుకోవాల్సిందంతా తెలుసుకుంటుంది.

అతను అప్పుడు చెప్పాడు, ఆ అమ్మాయి నాకు చెప్పింది. పడవ ఇంజను ఆగిపోయిందట. ఆ కుర్రాడికి జ్వరం. మూడో రోజున పోయాడు. చాప చుట్టి నీళ్ళలోకి వదిలారు. ఫాదర్ లేడు కాబట్టి ఇతనే ప్రార్థన చెప్పాడు. సగం ప్రార్థన మర్చిపోయానని, ఆ దోషం పోవడానికే ఏటా పూజ పెట్టిస్తున్నానని చెప్పి ఏడ్చాడు.

బా ఏడవలేదు. సంచి తెరిచింది. పొట్లాలన్నీ ఒక్కొక్కటీ తీసి ఒడిలో పెట్టుకుంది. ఎండిపోయిన బ్రెడ్డు, విరిగిన బిస్కెట్లు, ఒక కేకు ముక్క. ఒక పొట్లం విప్పి అతని చేతిలో పెట్టి ఒకే మాట అంది. ఆ మాట నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది. తిను అంది. ఆ మనిషి ఆ గడ్డిలో కూర్చుని, కన్నీళ్ళతో పాటు ఆ రాయిలాంటి బ్రెడ్డు నమిలి మింగాడు. ఆవిడ ఇంకోటి విప్పింది. అదీ తిన్నాడు. ఒడి ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. నీళ్ళ సీసా తెచ్చిన మా ఆయన ఆ సీసా అతనికిచ్చి, ఏమీ అడక్కుండా నా పక్కన నిలబడ్డాడు.

తిరిగొస్తుంటే, తోటలు దాటాక బా కిటికీలోంచి చూస్తూ నాలుగు మాటలు అంది. లాండ్రీ అమ్మాయి మెల్లగా చెప్పింది. "ఇన్నేళ్ళూ వాడు క్షేమంగా ఉండాలనే ప్రార్థన చేశాను. వాడికి కావాల్సిన ప్రార్థన వేరే. ఒక్కటి కూడా చెయ్యలేదు, అంటోంది."

మనలో చనిపోయినవాళ్ళు మోక్షానికి ముందు ఉత్తరించు స్థలంలో మన ప్రార్థనల కోసం కాచుకుని ఉంటారని నమ్మకం. అది నమ్మిన తల్లికి ఆ మాట ఎంత బరువో మీకు చెప్పక్కర్లేదు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని జపమాల మొదలుపెట్టాను. ఈసారి పోయినవాళ్ళ కోసం. బాకి నా తెలుగు అర్థం కాదు. కానీ అందుకుంది.

హోముకి చేరేసరికి మేనకోడలు పొద్దుటి నుంచి చాలాసార్లు ఫోన్ చేసిందన్నారు. నేనే చేశాను. "ఎవరైనా మాట్లాడారా?" అంది ఎత్తగానే.

"మాట్లాడారమ్మా."

అవతల ఏడుపు. తర్వాత అంది, "నాకు ఎప్పుడో తెలుసు సిస్టర్. తింటూ ఉంటే చెప్పేదాన్ని. ఒక్కపూటే తింటోంది కదా, చెబితే అదీ మానేస్తుందని భయపడ్డాను. ఆ అబద్ధం మొహాన పెట్టుకుని ఆవిడ ముందుకి రాలేకే రావడం మానేశాను."

పరువనుకున్నాను నేను. మనవాళ్ళు చావుకబురు పెద్దవాళ్ళకి ఎన్ని ఇళ్ళలో దాచలేదు? మా ఇంట్లో కూడా దాచారు. ఆ పిల్ల గొంతులో అది వినిపించాల్సింది నాకు, ఇంకెవరికి వినిపించకపోయినా. కానీ తీసుకెళ్ళకపోతే మంచిదా అంటే, అదీ చెప్పలేను. మంచానికి కట్టిన చేతులతో కొడుకు కోసం ఎదురుచూడడం మంచిదా? చాలా ఏళ్ళుగా అడుగుతున్నాను ఈ ప్రశ్న.

ఆ కొబ్బరికాయ కారు డిక్కీలో చాలాకాలం దొర్లుతూ ఉండేది. మలుపు తిరిగినప్పుడల్లా చప్పుడు. చట్నీ చెయ్యవే అని మా ఆయన ఒక్కసారి కూడా అడగలేదు.

మేట్రన్ దృష్టిలో మాత్రం ఆ రోజు నేను పెద్ద ఘనకార్యం చేశాను. తర్వాత నా రిజిస్ట్రేషన్ కోసం ఇచ్చిన సిఫారసులో కూడా అదే మెచ్చుకుంది, తిండి మానేసిన రెసిడెంట్ చేత తినిపించిందని. ఆ మెప్పుతోనే నేను మళ్ళీ నర్సునయ్యాను. ఆ ఉద్యోగంతోనే ఇల్లు కట్టాం, పిల్లల్ని యూనివర్సిటీకి పంపాం. తలుచుకుంటే ఎటూ పాలుపోదు.

ఆ సాయంత్రం బాకి ట్రే నేనే తీసుకెళ్ళాను. సూపు, బ్రెడ్డు, చేపముక్క, కస్టర్డ్. ముట్టదనే అనుకున్నాను. చెంచా చేతిలోకి తీసుకుంది. సూపు తాగింది. చేప తింది. బ్రెడ్డు రెండు ముక్కలుగా తుంచింది, నేను అలవాటుగా పక్కకి తిరగబోయాను. రెండు ముక్కలూ తనే తింది. కస్టర్డ్ గిన్నె అడుగు దాకా గీరింది. మర్నాడు పొద్దున్న పారిడ్జ్ కూడా తింది, మధ్యాహ్నం కూడా తింది. తర్వాత ఎప్పుడూ ఒక్క పూట మానలేదు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న మేట్రన్ మొహం వెలిగిపోయింది. "చూశావా లవ్, కాస్త బయటి గాలి తగలగానే ఎలా మారిపోయిందో. ఇక ట్యూబూ వద్దు, ఏమీ వద్దు."

"అవును మేట్రన్" అన్నాను.

బా ట్రే మీది కాగితం తీసుకుంది. నాలుగు మడతలూ విప్పి, దాంతో మూతి తుడుచుకుని, ఖాళీ కంచంలో పడేసింది. నేను ఆ హోములో చేరినప్పటి నుంచి చూస్తున్నాను. ఆ కాగితాన్ని దేనికిచ్చారో దానికే ఆవిడ వాడడం అదే మొదటిసారి.